'మా వంశంలోనే వుంది': జన్యువు, కులం, మొండి జబ్బులు

కృష్ణా డెల్టాలో ఏ మాలపల్లెకో మాదిగపల్లెకో వెళ్లి షుగరు గురించి కదిపితే ముందుగా వినపడే మాట ఒకటుంది. "మా వంశంలోనే వుంది బాబూ" అంటారు. బందరు కాలవ పక్కన ఒక పల్లెలో ఆరోగ్యం మీద మాట్లాడటానికి మేము కూచున్నప్పుడు నాట్లు వేసే ఒకామె ఇదే మాట అంది. వాళ్లమ్మ షుగరు వల్ల పుండుపడి కాలు తీయించుకుని, ఆ తర్వాత ఏడాదికి పోయింది. అన్నకి వుంది. ఇప్పుడు తనకూ తేలింది. "మా అమ్మ రక్తమేగా నాది, రాకుండా ఎట్టా వుంటది? బిళ్లలు మింగినా ఇంతే, మింగకపోయినా ఇంతే" అంది. పక్కనే వున్న డిగ్రీ చదివే కుర్రాడు "అంతా డీఎన్‌ఏలో రాసుంటది అత్తా" అని దానికి సైన్సు పేరు కూడా తగిలించాడు.

ఆమె మాటలో నిజం లేకపోలేదు. షుగరు, బీపీ, గుండెజబ్బులు కుటుంబాల్లో నడుస్తాయి. తల్లిదండ్రుల్లో ఒకరికి షుగరు వుంటే పిల్లలకు వచ్చే ముప్పు మిగతావాళ్లకంటే రెండు మూడు రెట్లు వుంటుంది. కానీ ఆమె ఆ నిజం నుంచి తీసిన ఫలితం వేరు. 'రాసుంది కాబట్టి చేసేదేం లేదు' అనే ఫలితం. ఈ మాట మనకు కొత్తది కాదు. తలరాత అన్నారు, పూర్వజన్మ కర్మ అన్నారు, పుట్టుకను బట్టి గుణం అన్నారు. పాత శాస్త్రాలు పుట్టుక పేరుతో చెప్పిన మాటనే ఇప్పుడు జన్యువు పేరుతో మనమే మనకు చెప్పుకుంటున్నామా అన్నది మా అనుమానం. ఈ వ్యాసం ఆ అనుమానం లోంచి పుట్టింది. జన్యుశాస్త్రం నిజంగా చెప్పేదేమిటి, చెప్పనిదేమిటి, అది దళితుల ఆరోగ్యానికి ఎట్లా పనికొస్తుంది, ఎక్కడ ఎదురు తిరుగుతుంది అన్నవి ఇక్కడ విడదీసి చూస్తాం.

జన్యువు చేసే పని

మనిషి ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ డీఎన్‌ఏ అనే పొడుగాటి దారం వుంటుంది. అందులో దాదాపు 300 కోట్ల అక్షరాలు. ఆ దారంలో కొన్ని కొన్ని ముక్కలు ఒంటికి కావలసిన మాంసకృత్తులను ఎట్లా తయారు చెయ్యాలో చెప్తాయి. ఆ ముక్కలనే జన్యువులంటాం. ఇవి ఇంచుమించు 20 వేలు. ప్రతి జన్యువుకీ రెండు ప్రతులుంటాయి, ఒకటి అమ్మ నుంచి, ఒకటి అయ్య నుంచి. కొద్ది మినహాయింపులు పోను ఇదే లెక్క.

ఇక్కడ రెండు రకాల జబ్బుల్ని వేరుచేసి చూడాలి. మొదటి రకంలో ఒకే ఒక్క జన్యువు చెడితే జబ్బు వస్తుంది. కొడవలి కణ రక్తహీనత, అంటే సికిల్ సెల్, అట్లాంటిది. రక్తానికి ఎరుపునిచ్చే పదార్థం తయారీలో ఒక్క అక్షరం మారితే ఎర్రకణం కొడవలి లాగా వంగిపోతుంది. ఇది అంతర్గత లక్షణం. రెండు ప్రతులూ చెడితేనే జబ్బు. ఒకటే చెడితే మనిషి మామూలుగానే వుంటాడు, వాహకుడు మాత్రమే. ఇద్దరు వాహకులు పెళ్లాడితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఈ 'నాలుగింట ఒకటి' దగ్గరే జనం ఎక్కువ పొరబడతారు. 'పెద్దాడికి వచ్చింది కదా, ఇక మిగతా ముగ్గురికీ రాదు' అనుకుంటారు. కాదు. ప్రతి కాన్పు కొత్తగా బొమ్మా బొరుసూ వేసినట్టే. ముందు కాన్పులో పడింది తర్వాత కాన్పుకి గుర్తుండదు.

రెండో రకం మన చుట్టూ ఎక్కువగా కనపడేవి. షుగరు, బీపీ, గుండెపోటు. వీటికి 'ఒక జన్యువు' లేదు. షుగరు ముప్పుతో సంబంధం వున్న చోట్లు డీఎన్‌ఏలో వందల సంఖ్యలో దొరికాయి. ఒక్కొక్కటి చేసేది చాలా కొద్ది. 'షుగరు జన్యువు దొరికింది' అని పేపర్లో పెద్ద అక్షరాలతో వస్తే దాన్ని నమ్మనక్కర్లేదు. దొరికింది వందల్లో ఒకటి.

రెట్లు వేరు, మనుషులు వేరు

ఈ వందల్లో కాస్త బలమైంది టీసీఎఫ్7ఎల్2 అనే జన్యువులోని ఒక మార్పు. 2006లో బయటపడింది. ఆ మార్పు ఒక ప్రతిలో వుంటే షుగరు ముప్పు సుమారు 1.4 రెట్లు అవుతుంది. 'నలభై శాతం ఎక్కువ' అని రాస్తే గుండె జారిపోతుంది. అదే మాటను మనుషుల లెక్కలో చెప్పుకుందాం. భారత వైద్య పరిశోధనా మండలి దేశమంతా చేసిన సర్వే 2023లో అచ్చయింది. దాని ప్రకారం పెద్దవాళ్లలో నూటికి 11.4 మందికి షుగరుంది, దేశం మొత్తం మీద 10 కోట్ల పైన. ఉజ్జాయింపుగా నూటికి 11 మందికి జబ్బు వచ్చే చోట, ఆ మార్పు వున్న నూరు మందిలో 15 మందికి రావచ్చు. మిగతా 85 మందికి ఆ మార్పు వుండి కూడా రాదు. ఆ మార్పు లేనివాళ్లలోనూ చాలామందికి వస్తుంది. మరి అది తలరాత ఎట్లా అవుతుంది?

ముప్పు అంటే ఒక గుంపులో ఎంతమందికి రావచ్చనే లెక్క. 'నీకు' వస్తుందా రాదా అన్నది అది చెప్పదు. ఈ తేడా విడమర్చి చెప్పకుండా 'మీది వంశపారంపర్యం' అని ఒక్క మాటలో తేల్చేస్తే రోగి ఇంటికెళ్లి బిళ్లలు మానేస్తాడు. మేము కలిసిన వాళ్లలో అట్లా మానేసినవాళ్లున్నారు.

వంశం అంటే జన్యువులేనా?

ఆస్పత్రిలో చీటీ రాసేటప్పుడు "మీ ఇంట్లో ఎవరికైనా వుందా?" అని అడుగుతారు. అడగటం మంచిదే. కానీ ఆ ప్రశ్నకు 'వుంది' అనే జవాబొస్తే దాన్ని జన్యువు ఖాతాలో రాసేస్తారు. ఒక ఇంటివాళ్లు పంచుకునేది జన్యువుల్నే కాదు. ఒకే కుండలో అన్నం, ఒకే బోరు నీళ్లు, ఒకే ఇరుకు గది, ఒకే రకం కూలిపని, ఒకే అప్పు, ఒకే కులం. తల్లి తిన్నదే కూతురు తింటుంది. తల్లి చేసిన పనే కూతురు చేస్తుంది. అంచేత తల్లికొచ్చిన జబ్బు కూతురికొస్తే దాంట్లో జన్యువు వాటా ఎంత, కుండ వాటా ఎంత అన్నది ఆ ఒక్క ఇంటిని చూసి తేల్చలేం.

ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో వున్న ఎ.కొండూరు మండలం 2022 దాకా కృష్ణా జిల్లాలోదే. డెల్టాకు ఎగువన మెట్ట ప్రాంతం. అక్కడి లంబాడీ తండాల్లో కిడ్నీ జబ్బులతో జనం పోతూ వచ్చారు. ఒక ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు పడిపోతే దాన్ని వంశానికి అంటగట్టటం చాలా తేలిక. కానీ తండావాసులు పట్టుకున్నది నీళ్లను. ఫ్లోరైడు ఎక్కువగా వున్న బోరు నీళ్లు మాకొద్దు, కృష్ణా నీళ్లు ఇవ్వండి అని అడిగారు. పైపుల్లో కృష్ణా నీళ్లు తెచ్చే పథకాన్ని ప్రభుత్వం చేపట్టింది. 'మా వంశం' అనుకుని కూచుంటే ఆ డిమాండు పుట్టేదే కాదు.

ఒకే విత్తనం, రెండు పొలాలు

అమెరికా జన్యుశాస్త్రవేత్త రిచర్డ్ లెవాంటిన్ ఈ విషయాన్ని విత్తనాలతో చెప్పాడు. మనం మన విత్తనంతోనే చెప్పుకుందాం. బాపట్లలో తయారై 1986లో విడుదలైన బీపీటీ 5204, అదే సాంబమసూరి, డెల్టా రైతుకూ కూలికీ అందరికీ తెలుసు. ఒకే బస్తాలోంచి రెండు దోసిళ్ల విత్తనం తీసి, ఒకటి కాలవ ఎగువన మంచి మెరక మీద, రెండోది కాలవ శివారున చౌడు నేలలో చల్లారనుకోండి. ఎగువ పొలంలో దుబ్బుకూ దుబ్బుకూ మధ్య వచ్చే కొద్దిపాటి తేడా విత్తనంలోని తేడా కావచ్చు. ఎందుకంటే నేలా నీరూ అందరికీ ఒకటే. శివారు పొలంలోనూ అంతే. కానీ ఎగువ పొలానికీ శివారు పొలానికీ మధ్య దిగుబడి తేడా వుందే, అది విత్తనానిది కాదు. అది నీటిది, చౌడుది.

'ఈ జబ్బు వారసత్వం ఇంత శాతం' అని పుస్తకాల్లో వుండే లెక్క ఒక పొలం లోపలి లెక్క. దాన్ని తీసుకొచ్చి రెండు పొలాల మధ్య తేడాకు కారణంగా చూపటం తప్పు. వూరికీ వాడకూ మధ్య ఆరోగ్యంలో తేడా వుంటే 'వాళ్ల జన్యువులు అంతే' అనటం శివారు చేను పండకపోతే విత్తనాన్ని తిట్టటమే. శివారు భూమి ఎవరి చేతుల్లో వుంది, ఎగువ భూమి ఎవరి చేతుల్లో వుంది అన్నది డెల్టాలో ఎవరినీ అడగక్కర్లేదు. 1855కి బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది, 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. నీళ్లొచ్చాయి, వరి వచ్చింది, డబ్బొచ్చింది. ఆ డబ్బు భూమి వున్న కులాల ఇళ్లకు చేరింది. కూలి చేసే కులాలకు చేరింది వరి అన్నం.

పీమాల సంగతి

దీనికి బయటి ప్రపంచం నుంచి ఒక గట్టి ఉదాహరణ వుంది. అమెరికాలోని అరిజోనాలో పీమా అనే ఆదివాసులున్నారు. వాళ్లలో షుగరు ప్రపంచంలోనే అతి ఎక్కువ. 1962లో జేమ్స్ నీల్ అనే శాస్త్రవేత్త 'పొదుపు జన్యువు' అనే ఊహ చేశాడు. కరువుల్లో బతికి బట్టకట్టిన జాతుల ఒంట్లో తిన్నదాన్ని దాచుకునే జన్యువులుంటాయనీ, తిండి దొరికే కాలంలో అవే షుగరు తెస్తాయనీ ఆ ఊహ సారం. పీమాలు దానికి పేరుపడ్డ ఉదాహరణ అయ్యారు. వాళ్ల రక్తం మీద దశాబ్దాల పాటు పరిశోధన జరిగింది.

అయితే పీమాల బంధువులే సరిహద్దుకు అవతల మెక్సికో కొండల్లో వున్నారు. వాళ్లది ఇంచుమించు అదే జన్యు వారసత్వం. వాళ్లు పొలం పని చేసుకుంటూ మొక్కజొన్న, చిక్కుళ్లు తిని బతుకుతారు. 2006లో అచ్చయిన అధ్యయనంలో అమెరికా పీమాల్లో నూటికి 38 మందికి షుగరుంటే మెక్సికో పీమాల్లో నూటికి 6.9 మందికే వుంది. తేడా ఎక్కడుంది? పందొమ్మిదో శతాబ్దం చివర్లో తెల్లవాళ్లు హీలా నది నీళ్లను పైన మళ్లించుకుంటే అరిజోనా పీమాల సేద్యం ఎండిపోయింది. ఆకలి మిగిలింది. ఆ తర్వాత ప్రభుత్వం పంచిన పిండీ పందికొవ్వూ వాళ్ల తిండి అయ్యాయి. నీళ్లు తీసుకున్న చరిత్రను వదిలేసి, పోగొట్టుకున్నవాళ్ల జన్యువుల్లో మాత్రం దశాబ్దాల పాటు వెతికారు.

ఇది చదివినప్పుడు మాకు డెల్టాయే గుర్తొచ్చింది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం పేదల ఆకలి తీర్చింది. ఆ మేలుని తక్కువ చెయ్యం. కానీ ఆకలి తీర్చటం వేరు, పోషణ వేరు. పాలిష్ పట్టిన తెల్లబియ్యం కడుపు నింపుతుంది. పప్పు, గుడ్డు, మాంసం కొనుక్కోవాలంటే కూలి చాలదు. మనవాళ్లకు చవగ్గా దొరికే మాంసకృత్తు గొడ్డుమాంసం. దాన్ని తినేవాళ్లను అంటరానివాళ్లన్న సమాజమే ఇవాళ డాక్టరు నోటి వెంట 'ప్రోటీన్ బాగా తినండి' అంటోంది. వూళ్లో వరికోత మిషన్లొచ్చి పని దినాలు తగ్గాయి. పట్నంలో రాత్రంతా ఆటో తోలేవాడికీ, తెల్లారకముందే చీపురు పట్టే కార్మికురాలికీ నిద్రకీ తిండికీ వేళ లేదు. ఈ ముప్పులు ఏ రక్తపరీక్షలోనూ కనపడవు.

తల్లి కడుపులో ఆకలి

మరి పుట్టుకకు ఏ పాత్రా లేదా? వుంది. కానీ పుట్టుక అంటే జన్యువులే కాదు, తల్లి కడుపులో గడిపిన తొమ్మిది నెలలు కూడా. రెండో ప్రపంచ యుద్ధంలో 1944-45 చలికాలంలో నాజీ సైన్యం తిండి రాకుండా అడ్డుకుంటే హాలెండులో కరువొచ్చింది. ఆ నెలల్లో కడుపులో వున్న బిడ్డలు పెద్దయ్యాక, ఒంట్లో చక్కెరను అదుపు చేసుకునే శక్తి వాళ్లలో తక్కువగా వున్నట్టు తేలింది.

మన దగ్గరే ఇంకా దగ్గరి సాక్ష్యం వుంది. 1987 నుంచి 1990 దాకా హైదరాబాదు దగ్గరి 29 పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక ప్రయోగం చేసింది. అప్పటికి అంగన్‌వాడీ పథకం చేరిన 15 పల్లెల్లో గర్భిణులకూ చిన్నపిల్లలకూ అదనపు ఆహారం అందింది. గర్భిణికి రోజుకి దాదాపు 500 క్యాలరీలు, అది కూడా మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో చేసిన ఉప్మా. తక్కిన 14 పల్లెల్లో పథకం ఇంకా రాలేదు. ఆ పిల్లలకు 13-18 యేళ్లొచ్చాక మళ్లీ కొలిచారు. ఫలితాలు 2008లో వచ్చాయి. ఉప్మా అందిన పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగు. ఇన్సులిన్‌కు ఒళ్లు మొరాయించే గుణం, అదే షుగరుకు తొలిమెట్టు, వాళ్లలో 20 శాతం తక్కువ. రక్తనాళాల బిరుసు కూడా తక్కువే.

ఒక గిన్నెడు ఉప్మా జన్యువుల్లో ఒక్క అక్షరాన్నీ మార్చలేదు. ముప్పుని మాత్రం తగ్గించింది. దళితవాడలో అంగన్‌వాడీ నడుస్తోందా, గుడ్డు ఇస్తున్నారా, వాడ గర్భిణికి అక్కడ మర్యాద దొరుకుతోందా అన్నది షుగరు జబ్బుకు సంబంధించిన ప్రశ్నే. నాట్లేసే ఆ అమ్మ తన తల్లి కడుపులో వున్నప్పుడు ఆ తల్లి ఏం తిన్నదో మనం వూహించగలం. దాన్ని ఆమె 'రక్తం' అంటోంది.

పెద్దయ్యాక కూడా చేతులు దాటిపోదు. చెన్నైలో షుగరుకు దగ్గరపడ్డ 531 మంది మీద చేసిన పరీక్ష 2006లో అచ్చయింది. మామూలు సలహా మాత్రమే పొందినవాళ్లలో మూడేళ్లలో నూటికి 55 మంది జబ్బులో పడితే, తిండీ నడకా మార్చుకున్న గుంపులో నూటికి 39 మందే పడ్డారు. అందరికీ ఆగలేదు, నిజమే. కానీ ప్రతి నూరు మందిలో పదహారు మంది తప్పించుకున్నారు. 'రాసుంది' అనేవాళ్లు ఈ పదహారు మందికి ఏం జవాబు చెప్తారు?

కులం రక్తంలో వుందా?

జన్యుశాస్త్రం పేరెత్తగానే మనవాళ్లకు వచ్చే రెండో ప్రశ్న ఇది. 1901 జనాభా లెక్కలు నడిపిన హెర్బర్ట్ రిస్లీ ముక్కులు కొలిచి కులాలకు మెట్లు కట్టాడు. అంబేడ్కర్ 1948లో అంటరానివారి మీద రాసిన గ్రంథంలో ఆ కొలతల్నే తీసుకుని, బ్రాహ్మణులూ అంటరానివారూ వేరువేరు జాతులన్న వాదం నిలవదని చూపారు. అంతకు ముందు 1936లో కుల నిర్మూలన మీద రాసిన ప్రసంగంలో, జాతిని మెరుగుపరచటానికే కులం పుట్టిందనే వాదాన్నీ కొట్టేశారు. వారసత్వ సూత్రాలే తెలియని కాలంలో అట్లాంటి ఉద్దేశం ఎక్కడిదని అడిగారు. అక్కడ మెండెల్ సూత్రాల మీద బేట్సన్ రాసిన పుస్తకాన్ని కూడా ఉదహరించారు. జన్యుశాస్త్రం అప్పటికింకా పసిబిడ్డ. అంబేడ్కర్ దాన్ని తోసెయ్యలేదు, భయపడనూ లేదు. చదివి వాడుకున్నారు. మనకూ ఆ పద్ధతే కావాలి.

2001లో విశాఖపట్నం జిల్లాలోని కులాల డీఎన్‌ఏ మీద బామ్‌షాద్, ఇతరులు ఒక పరిశోధన ప్రచురించారు. అందులో మాల, మాదిగ, రెల్లి కులాలవాళ్లూ వున్నారు. తండ్రి వైపు వారసత్వంలో పైకులాలు యూరప్ వాళ్లకు కాస్త దగ్గరని అందులో తేలింది. అదే యేడు డర్బన్‌లో జాతివివక్షపై ప్రపంచ సదస్సు జరిగింది. కులాన్ని అక్కడ చర్చకు పెట్టాలని దళితులు, పెట్టొద్దని భారత ప్రభుత్వం పోరాడాయి. మనవాళ్లలో కొందరు ఆ పరిశోధన చూపించి 'మేము మూలవాసులం, సైన్సు తేల్చింది' అన్నారు. ఆ ఉత్సాహం అర్థం అవుతుంది. కానీ అది జారుడు నేల. మన హక్కు మనం ముందొచ్చినందుకు వచ్చింది కాదు. రేపు ఇంకో పరిశోధన ఇంకోమాట చెప్తే హక్కు వదులుకుంటామా?

నిజంగానే తర్వాతి పరిశోధనలు మాటను మార్చాయి. 2009లో హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు తంగరాజ్, లాల్జీ సింగ్‌లు, హార్వర్డ్ శాస్త్రవేత్త డేవిడ్ రైక్ బృందం కలిసి, ఇవాళ్టి భారతీయుల్లో దాదాపు అందరూ రెండు పాత జనసమూహాల కలయికేనని చూపారు. పాళ్లలో తేడా వుంది కానీ కలవనివాళ్లు లేరు. 2013లో అదే వరసలో వచ్చిన పరిశోధన ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 యేళ్ల కిందటి మధ్య జరిగిందనీ, ఆ తర్వాత కలయిక ఆగిపోయి గుంపులు లోపల్లోపలే పెళ్లాడటం మొదలెట్టాయనీ అంది. అంటే ఒకప్పుడు అందరూ కలిశారు, తర్వాత గోడ కట్టారు. స్వకుల వివాహమే కులానికి ప్రాణమని 1916లోనే కొలంబియాలో చదివిన వ్యాసంలో అంబేడ్కర్ చెప్పింది ఇదే.

గోడ కట్టినవాళ్లనూ అది వదల్లేదు. కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగిన గుంపు బయటి పెళ్లిళ్లు మానేస్తే ఆ పూర్వీకుల్లో ఒకరికున్న చెడ్డ ప్రతి గుంపంతా పాకుతుంది. ఇద్దరు వాహకులు కలిసే అవకాశం పెరుగుతుంది. 2017లో సీసీఎంబీ, హార్వర్డ్ బృందాలు 263 సమూహాలను పరిశీలిస్తే 81 సమూహాల్లో ఈ ప్రభావం ఫిన్లాండు వాళ్లకంటే, తూర్పు యూరప్ యూదులకంటే ఎక్కువగా కనిపించింది. మన తెలుగు వైశ్యులు దీనికి ఉదాహరణ. వాళ్లలో కొందరికి ఒక ఎంజైము లోపం వుంటుంది. ఆపరేషను ముందు కండరాలు సడలటానికి ఇచ్చే ఒక మందు వాళ్ల ఒంట్లో త్వరగా విరగదు. గంటల తరబడి కండరాలు పనిచెయ్యకుండా పోతాయి. డాక్టరుకు ముందే తెలిస్తే మందు మారుస్తాడు, అంతే.

మేనరికాలను మాత్రమే తప్పుపట్టే చదువుకున్నవాళ్లు ఈ సంగతి గమనించాలి. తెలుగునేల మేనరికాలు ఎక్కువగా వున్న చోటే, వాటి వల్ల అంతర్గత జబ్బుల ముప్పు పెరిగే మాటా నిజమే. కానీ మేనమామనో బావనో కాకుండా 'బయటి సంబంధం' చేసుకున్నా, అది అదే కులంలో అయితే, అట్లాంటి సమూహాల్లో ముప్పు పూర్తిగా పోదు. ఈ లెక్కలో కులాంతర వివాహం సామాజిక న్యాయమే కాదు, బిడ్డల ఆరోగ్యానికీ మంచిది. అయితే ఇక్కడ ఒక హెచ్చరిక. స్వకుల వివాహం తెచ్చేది అరుదైన అంతర్గత జబ్బుల్ని. వాడలో షుగరు పెరగటానికి అది జవాబు కాదు. ఈ రెంటినీ కలిపేస్తే మళ్లీ మొదటికొస్తాం.

నుదుటి మీద గుర్తు

సికిల్ సెల్ ముందుగా ఆఫ్రికా మూలాలవాళ్ల జబ్బని పేరుపడింది. 1952లో నీలగిరుల్లోనూ దొరికింది. మన్యంలో ఆదివాసుల్లో వుంది, మహారాష్ట్రలో దళితుల్లోనూ వుంది. కారణం మలేరియా. ఒక చెడ్డ ప్రతి మాత్రమే వున్నవాళ్లు మలేరియాను తట్టుకుంటారు. కాబట్టి మలేరియా వున్న నేలల్లో అది నిలిచింది. ఇందులో కులం తప్పూ లేదు, జాతి తప్పూ లేదు.

2023 జులై 1న కేంద్ర ప్రభుత్వం దీని నిర్మూలనకు జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. 2047 లక్ష్యం, 7 కోట్ల మందికి పరీక్షలు, తేలినవాళ్లకు కార్డులు. పరీక్ష జరగాల్సిందే. పసితనంలోనే తెలిస్తే మందులతో టీకాలతో బిడ్డ బతుకుతుంది. కానీ కార్డు ఎవరి చేతికి చేరుతుంది? అమెరికా అనుభవం చూడండి. నోబెల్ పొందిన లైనస్ పాలింగ్ అంతటి శాస్త్రవేత్త 1968లో, సికిల్ సెల్ వాహకుల నుదుటి మీద పచ్చబొట్టు పొడవాలని రాశాడు. ఆయన ఉద్దేశం ఇద్దరు వాహకులు పెళ్లాడకుండా చూడటమే. 1970ల్లో కొన్ని రాష్ట్రాలు నల్లవాళ్లకు పరీక్షలు తప్పనిసరి చేశాయి. జబ్బే లేని వాహకుల్ని అమెరికా వాయుసేన అకాడమీ 1981 దాకా చేర్చుకోలేదు. నుదుటి మీద గుర్తు అంటే ఏమిటో మెడకు ముంత కట్టించుకున్న జాతికి వేరే చెప్పాలా?

బీమా సంగతీ అంతే. గుండె కండరం జబ్బు జన్యుపరమైనదని ఒక కంపెనీ డబ్బివ్వనంటే, 2018లో ఢిల్లీ హైకోర్టు ఆ నిరాకరణ వివక్షేనని తీర్పిచ్చింది. జన్యు వివక్షకు వ్యతిరేకంగా అమెరికా 2008లోనే చట్టం చేసుకుంది. మన దగ్గర అట్లాంటి ప్రత్యేక చట్టం రాలేదు. ఇటు జీనోమ్ ఇండియా అనే పథకం కింద పది వేల మంది భారతీయుల జన్యువుల్ని చదివి 2025 జనవరిలో పరిశోధకులకు తెరిచారు. చట్టం లేకుండా సమాచారం మాత్రం పోగవుతోంది.

మనం ఏం చెయ్యాలి

జన్యువును నమ్మి చేతులు ముడుచుకోవటం ఒక తప్పు. జన్యువు అనే మాటే అగ్రకుల కుట్ర అని తోసెయ్యటం రెండో తప్పు. 2009లో సీసీఎంబీ బృందం బయటపెట్టిన గుండె కండరం జన్యువు మార్పు మన దేశంలో నూటికి నలుగురిలో వుంది. అది వేరువేరు కులాల్లో, మతాల్లో కనపడింది. వయసు మళ్లాక దాని ముప్పు పెరుగుతుంది. ఇట్లాంటి జ్ఞానం పైకులాలవాళ్లకు అంది మనకు అందకపోతే నష్టం మనకే.

అంచేత వాడల్లో, హాస్టళ్లలో, సంఘం మీటింగుల్లో మాట్లాడే మిత్రులకు మా సూచనలివి. ఇంట్లో షుగరు, బీపీ, గుండెజబ్బు వున్నవాళ్లు ముప్పై దాటగానే యేడాదికోసారి పరీక్ష చేయించుకోవాలి. 'వంశంలో వుంది' అనే మాటను ముందే జాగ్రత్తపడమనే కబురుగా చెప్పాలి. రక్తం తీసుకోవటానికి వచ్చే పరిశోధకుల్ని నాలుగు ప్రశ్నలడగాలి: ఎందుకు తీస్తున్నారు? ఫలితం మాకు మా భాషలో చెప్తారా? మా పేరూ కులమూ ఎవరికి తెలుస్తుంది? వద్దంటే మా వైద్యం ఆగుతుందా? ప్రభుత్వాన్ని అడగాల్సినవి వేరే వున్నాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆస్పత్రిలో చేరాక చేసే పెద్ద వైద్యానికి. కాలు తీసేటప్పుడు అది అక్కరకొస్తుంది. కాలు తియ్యక్కర్లేకుండా చూసేది నెలనెలా అందే బిళ్లలూ, వాడ దగ్గరి పరీక్షా. రేషనులో పప్పూ చిరుధాన్యాలూ, వాడ అంగన్‌వాడీలో గుడ్డూ, తాగటానికి మంచినీళ్లూ, కూలికి తగ్గ రేటూ, ఇవన్నీ షుగరు మందులే.

అంబేడ్కర్ కూడా చివరి యేళ్లలో షుగరుతో బాధపడ్డారు. ఇన్సులిన్ తీసుకుంటూనే రాశారు, తిరిగారు, 1956లో లక్షలమందితో బౌద్ధం తీసుకున్నారు.

నాట్లేసే ఆ అమ్మ దగ్గరికి మేము మళ్లీ వెళ్లాం. బీపీటీ విత్తనం సంగతి చెప్తే ఆమెకు మాకంటే ముందే అర్థమైంది. "అంటే మా అమ్మ శివారు చేను. నేనూ శివారు చేనే" అంది. కాసేపాగి "మరి నా కూతురికి నీళ్లెవరు పెడతారు బాబూ?" అంది. ఆమె కూతురు ఇంటర్ చదువుతోంది. ఆ ప్రశ్న మేము జేబులో వేసుకుని వచ్చేది కాదు. మీటింగులో పెట్టాల్సింది.